కంటికో చుక్క, ఊరికో సీసా

కోళ్ల టీకా మందు మా ఊళ్లో దొరకకపోవడం గొప్ప వరం! నవ్వకండి. కాల్చిన మొక్కజొన్న కంకి కొరుకుతూ, బాగా ఆలోచించి తేల్చుకున్న సంగతి ఇది.

మందు పక్కవీధిలోనే దొరికిందనుకోండి. కొంటారు, వేస్తారు, కోళ్లు బతుకుతాయి. అంతేగా! అందులో వ్యాయామం ఉందా? స్నేహం ఉందా? చెప్పుకోవడానికి ఓ కథైనా మిగులుతుందా? మా చిమ్వాలాలో అలా కాదు. మందు డెడ్జా పట్నంలో, పశువుల మందుల షాపు ఫ్రిజ్‌లో, కాలు మీద కాలేసుకుని చల్లగా కూర్చుంటుంది. మేమే దర్శనానికి వెళ్లాలి.

నమ్మకపోతే మా వదిన ఎనెలేసి సంగతి వినండి.

మా అన్న పోయాక వదినకు మిగిలిన ఆస్తి కోళ్లే. మనవరాలికి జ్వరమొస్తే ఒక కోడి ఆసుపత్రి దారి పడుతుంది. విత్తే వేళకు ఇంకో కోడి విత్తనాలుగా మారి ఇంటికొస్తుంది. అయితే ఏటా వానలకు ముందు, ఎండలు మండే రోజుల్లో చిటోపా దిగుతుంది. అదే, కొక్కెర తెగులు. పొద్దున మెడ వంకర తిరుగుతుంది, సాయంత్రానికి గూడు ఖాళీ! కిందటేడు వదిన ఇంటి వెనక గొయ్యి తవ్వి కోళ్లన్నిటినీ పాతిపెట్టింది.

మళ్లీ ఎలాగో ఓ గుంపును పెంచుకుంది. ఈసారి ఎండలు ముదరకముందే పట్నం వెళ్లింది. చిమ్వాజా అనే షాపాయన ఫ్రిజ్ తెరిచి సీసా చూపించాడు.

“ఎన్ని కోళ్లమ్మా?”

“డజనుకి కాస్త తక్కువ.”

“ఇది మూడొందల కోళ్లకి!”

“అయితే నా వాటికి సరిపడా వంచివ్వు నాయనా.”

“వంచివ్వడానికి ఇదేమన్నా వంటనూనా? మూత తీస్తే ఆ రోజే వాడెయ్యాలి. మిగిలింది పారబోసుడే.”

“నూనె పొట్లాల్లో వస్తోంది, సబ్బు ముక్కల్లో వస్తోంది. ఈ మందుకే ఎందుకంత పొగరు?”

చిమ్వాజా ఫ్రిజ్ మూసేశాడు. చూశారా, కంపెనీవారి ముందుచూపు! డజను కోళ్ల మనిషి ఒంటరిగా బతక్కూడదని, మూడొందల కోళ్ల బలగాన్ని సంపాదించుకోవాలని సీసా సైజులోనే ఏర్పాటు చేశారు!

వదిన ఇల్లిల్లూ తిరిగింది. తలా కొంత వేసుకుని ఒకే సీసా కొనడానికి అందరూ ఒప్పుకున్నారు. కానీ లెక్క కుదరాలంటే ఫలేసి కోళ్లు కూడా కావాలి. ఊళ్లో అందరికంటే ఎక్కువ కోళ్లు ఆమెవే. ఓ పుంజు విషయంలో ఇద్దరికీ మాటల్లేవు. వదిన గర్వం దిగమింగుకుని ఆమె వాకిట్లో నిలబడింది.

“ఏంటే, దారి తప్పావా?” అంది ఫలేసి.

“నీ కోళ్లక్కూడా మందు వేయిద్దామని.”

“నా కళ్లల్లో కారం కొట్టింది చాలక, నా కోళ్ల కళ్లల్లో చుక్కలేస్తావా?”

“పోనీ నిన్ను తిట్టుకోవడానికైనా నేను బతకాలిగా? నా కోళ్లు పోతే నేనెట్టా బతికేది?”

ఫలేసి తన కోళ్ల గూటి వైపు చూసింది. “పో, తీసుకురా. నా కోళ్లని మాత్రం నేనే పట్టుకుంటా. నువ్వు ముట్టుకోకు!”

చెప్పండి, ఫ్రిజ్ ఊళ్లోనే ఉంటే ఈ సంధి కుదిరేదా?

మందు వేసే రోజు తెల్లవారుతూనే ఊళ్లో ఒక్క కోడినీ గూట్లోంచి వదల్లేదు. వదిన పట్నంలో సీసా కొని, ఐసుముక్కల మధ్య బుట్టలో పెట్టుకుని మినీబస్సెక్కింది. బస్సు నిండితే గాని కదలదని మీకు తెలుసుగా! డ్రైవరు పళ్లపుల్ల నములుతున్నాడు. ఐసు కరుగుతోంది. వదిన ఒడి తడిసిపోయింది.

“బాబూ, కదలవయ్యా!”

“సీట్లు నిండనీ అమ్మా.”

వదిన బుట్ట సీట్లో పెట్టి కిందికి దిగింది. కొంగు నడుముకి బిగించి, “చిమ్వాలా, చిమ్వాలా! రండమ్మా, రండి! ఎక్కితే పోవడమే!” అని అరవడం మొదలెట్టింది. చర్చికి పోయే ముసలమ్మను ఎక్కించింది. టమాటాల గంపను తానే ఎత్తి పైన పెట్టింది. కూరగాయలు బేరమాడుతున్న ఒకాయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. పాపం, ఆయన వెళ్లాల్సింది వేరే దిక్కుకి! బస్సు నిండింది. డ్రైవరు దండం పెట్టి, “రేపట్నుంచి రామ్మా, ఉద్యోగమిస్తా” అన్నాడు.

ఊళ్లో కేకలు, రెక్కల చప్పుడు, ఈకలు! కోడికో చుక్క, ఒక్క కంట్లో. ఫలేసి తన కోళ్లవి అయిపోగానే వచ్చి వదిన కోళ్లని కూడా పట్టుకుంది.

ఎండలతో పాటు చిటోపా వచ్చింది. మా ఊరి కోళ్లు దాని మొహం కూడా చూడలేదు. వాగు అవతలి ఊరికి మాత్రం వదిన లాంటి మనిషి లేదు. అక్కడ ఇప్పుడు తెల్లవారితే కోడి కూయడం లేదు.

ఈ విజయం జిల్లా దాకా పాకింది. ఒక పెద్దాఫీసరు వచ్చాడు. ఊరు సంబరపడి కోడి కోసింది. ఆయన భోజనం ముందు ప్రసంగించాడు. “ఈ తల్లి పట్టుదల చూశాక నాకు కళ్లు తెరుచుకున్నాయి. మీ ఊరికో ఫ్రిజ్, చిన్న సీసాలు అని ఒక ప్రతిపాదన ఉండేది. ఇంత చక్కగా మీరే చేసుకుంటుంటే ఇంకా అవెందుకు? దాన్ని పక్కన పెట్టేస్తున్నాం!”

నేనే ముందుగా చప్పట్లు కొట్టాను. వరాన్ని ఎవరు పోగొట్టుకుంటారు?

ఆఫీసరు భోజనానికి కూర్చున్నాక వదిన మొక్కజొన్నపిండి న్సీమా ముద్ద వడ్డిస్తూ అడిగింది: “అయ్యా, ఆ మందు నాలుగు నెలలకోసారి వెయ్యాలంట. ప్రతిసారీ నేను బస్సు నింపాలి. సరే, నింపుతా. మీ పాపకి జ్వరమొస్తే మీరూ అంతేనా? వీధిలో పిల్లలందరికీ జ్వరం వచ్చేదాకా ఆగి అప్పుడు సీసా మూత తీస్తారా?”

ఆఫీసరు జవాబు చెప్పలేదు. ఎలా చెబుతాడు? నోటినిండా మా ఊరి కోడి తొడ.