రెండు వందల పద్నాలుగో బిళ్ళ

ఆ గురువారానికి డెబోరా వేసిన పథకంలో ఎక్కడా లొసుగు లేదు. ఎనిమిదింటికి భర్త జాన్ ప్రసాద్ నైట్ షిఫ్టు దిగి వస్తాడు. స్నానం చేసి, అన్నం తిని, తన తండ్రి జ్ఞానయ్యను బండెక్కించుకుంటాడు. పదింటికల్లా గోదావరి వంతెన దాటి, జైపూర్ దారిలో మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ళను చూసుకునే 'మలిసంజ' ఆలన కేంద్రానికి చేరతాడు. మంచం చూస్తాడు. నచ్చితే పన్నెండు లోపు సంతకం పెడతాడు. ఖాళీగా ఉన్నది ఒక్కటే మంచం. పన్నెండు దాటితే అది వరుసలో తర్వాత ఉన్న మందమర్రి వాళ్ళకు వెళ్ళిపోతుంది.

తొందర ఊరికే రాలేదు. జ్ఞానయ్య ముప్పై ఆరేళ్ళు బొగ్గు గని ల్యాంపు రూములో పనిచేశాడు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ దీపంతోపాటు నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఇవ్వాలి. పైకొచ్చాక తీసుకుని రిజిస్టరులో టిక్కు పెట్టాలి. ఒక్క బిళ్ళ రాకపోయినా ఆయన కిటికీ మూసేవాడు కాదు. ఇప్పుడు డెబ్బై ఆరేళ్ళ వయసులో కొడుకు పేరు గుర్తులేదు, టిఫిను తిన్నదీ లేనిదీ గుర్తులేదు. బిళ్ళలు మాత్రం గుర్తున్నాయి. రిటైరైన రోజు తోటివాళ్ళు జ్ఞాపకంగా ఇచ్చిన పాత బిళ్ళలు పది జేబులో పెట్టుకుని, గడప దాటే ప్రతి మనిషికీ ఒకటి ఇస్తాడు. తిరిగొచ్చాక తీసుకుంటాడు. పాలవాడు కూడా బిళ్ళ అప్పజెప్పిన తర్వాతే సైకిలెక్కాలి.

అంతవరకూ ఇబ్బంది లేదు. కానీ పగలు డెబోరా బళ్ళో పాఠం చెబుతుంటే, జాన్ నైట్ షిఫ్టు నిద్రలో ఉంటే, ఆయన తలుపు గొళ్ళెం తీసి డ్యూటీకి బయల్దేరడం మొదలుపెట్టాడు. నెలలో నాలుగుసార్లు వెళ్ళి, ఎప్పుడో మూతపడ్డ గని గేటు ముందు నిలబడ్డాడు. నాలుగోసారి ఒక బొగ్గు టిప్పరు ఆయనకు జానెడు దూరంలో ఆగింది. ఆ సాయంత్రం డెబోరా ఫోను తీసి ఆలన కేంద్రాల నంబర్లు వెతికింది. ఇద్దరూ కలిసి రెండు చూశారు. ఒకచోట గేటు లేదు. ఇంకోచోట గేటు తప్ప ఏమీ లేదు. మిగిలింది మలిసంజ.

"నాకు పరీక్షల డ్యూటీ పడ్డది, రాలేను," అంది డెబోరా చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ. "మామకు గీ సంగతేం చెప్పకు. డ్యూటీ అను, తానే బండెక్కుతడు."

"నిద్రొస్తున్నదే. రేపు పోదమా?"

"రేపు మంచం ఉండది. ఆడ మేడంతోటి నిన్ననే ఫోన్ల అన్ని మాట్లాడిన. నువ్వు పోయి మంచం చూసుడే."

డెబోరా నిజంగానే అన్నీ మాట్లాడింది. "తండ్రి, కొడుకు వస్తరు మేడం. ఆయన ముంగట జబ్బని మాత్రం అనకుండ్రి. నాకేం కాలే, వానికే అయిందని కొట్లాటకస్తడు," అని జాగ్రత్త కూడా చెప్పింది. జబ్బు ఇద్దరిలో ఎవరికో చెప్పడం ఒక్కటే ఆమెకు తట్టలేదు.

డ్యూటీ అన్న మాట వినగానే జ్ఞానయ్య పదిహేను నిమిషాల్లో తయారయ్యాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో పెన్ను, పాలిష్ చేసిన బూట్లు, చంకలో రిజిస్టరు. జాన్ కూడా తయారయ్యాడు, నిద్రలోనే. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. కుడికాలికి తన చెప్పు, ఎడమకాలికి డెబోరా చెప్పు తొడిగాడు. ఎంత కడిగినా పోని బొగ్గు పొడి కళ్ళకు కాటుకలా మిగిలింది. ఫోను డ్యూటీ సంచీలో, సంచీ ఇంట్లో ఉండిపోయాయి.

కేంద్రం గేటు దగ్గర జ్ఞానయ్య కొడుకును ఆపి చేతిలో ఒక బిళ్ళ పెట్టాడు. రిజిస్టరు తెరిచి రాసుకున్నాడు. "రెండు వందల పద్నాలుగు. లోపలికి ఒకటి. పైలం బిడ్డా."

లోపల కౌన్సిలరు సంతోషి లేచి నమస్కారం పెట్టింది. ఆమె విజయవాడ నుంచి వచ్చి పది రోజులైంది. నడివయసులోనే వచ్చే మతిమరుపు మీద ప్రత్యేకంగా చదువుకుంది. అలాంటి మనిషి కోసం పది రోజులుగా ఎదురుచూస్తోంది. గుమ్మంలోకి వచ్చిన ఇద్దరినీ పైనుంచి కింది దాకా చూసింది. చూపు రెండు రకాల చెప్పుల దగ్గర ఆగిపోయింది.

జ్ఞానయ్య కుర్చీలో నిటారుగా కూర్చుని పెన్ను తీశాడు. "ఎంతమంది ఉన్నరు లోపల?"

"ఇరవై రెండు మందండి."

"రాత్రి డ్యూటీల ఎవలుంటరు? ఎనక గేటు తాళం ఎవలకాడ? మంట లేస్తే ఇసుక బకెట్లేవి?"

ఇన్ని మంచి ప్రశ్నలు అడిగిన సంరక్షకుణ్ణి సంతోషి ఇంతవరకు చూడలేదు. గౌరవంతో ఒక్కో జవాబూ చెప్పింది. ఈలోపు జాన్ ఆవలింత ఆపుకుని ముందుకు వంగి, "మేడం, పేషెంటు నేను కాదు, ఆయన," అన్నాడు గుసగుసగా.

సంతోషి తియ్యగా నవ్వింది. సరిగ్గా ఇదే మాట అంటాడని భార్య నిన్ననే చెప్పింది మరి. "అలాగేనండి. ఊరికే రెండు ప్రశ్నలు అడుగుతాను. ఇవాళ ఏ వారం?"

జాన్ ఆలోచించాడు. నైట్ షిఫ్టు మనిషికి వారం అర్ధరాత్రి గనిలో ఉండగా మారుతుంది. "మంగళవారం... కాదు, బుధవారం రాత్రి. ఇంక అయిపోలే కదా?"

"పొద్దున్న లేవగానే ఏం తిన్నారు?"

"లేవలే మేడం. పండుకునే ముంగట తిన్న. అన్నం, చింతచిగురు పప్పు."

"రాత్రిళ్ళు ఎక్కడికైనా వెళ్తుంటారా?"

"రోజు పోత. భూమి లోపటికి. మూడు వందల మీటర్లు."

సంతోషి పెన్ను వేగం పెరిగింది. "అక్కడ ఏం చేస్తారు?"

"కట్టెతోటి పైకప్పును కొట్టి చప్పుడు ఇంట. మంచిగున్నదా, కూలుతదా, అదే చెప్తది."

"ఎవరు చెప్తారు?"

"పైకప్పు."

"అందరికీ వినిపిస్తుందా అండి, మీకేనా?"

"నేర్చినోళ్ళకే ఇనస్తది," అన్నాడు జాన్ కాస్త గర్వంగా. ఆమె రాస్తున్నదేమిటో తలకిందులుగా చదివేసరికి నిద్ర కొంత వదిలింది. "అయ్యో మేడం! నేను బొగ్గు బాయిల డ్యూటీ చేస్త. నైట్ షిఫ్టు!"

"మా దగ్గరున్న ఇరవై రెండు మందిలో పద్దెనిమిది మంది రోజూ ఆ మాటే అంటారండి," అంది సంతోషి జాలిగా. తర్వాత జ్ఞానయ్య వైపు తిరిగింది. "ఈయన మీకు ఏమవుతారో ఒకసారి చెప్తారా?"

జ్ఞానయ్య కొడుకు ముఖంలోకి చాలాసేపు చూశాడు. పేరు రాలేదు. "నా మనిషే," అన్నాడు చివరికి. "రెండు వందల పద్నాలుగు. పేరు మరిస్తే మరువచ్చు గని, నంబరు మరువద్దు."

సంతోషి ఆ మాట కూడా రాసుకుంది. ఇక జాన్ వాదించే ఓపిక లేక, "సరే మేడం, ముందు మంచం చూపించుండ్రి. దాని కోసమే వచ్చిన," అన్నాడు. రోగి తనంతట తానే మంచం అడగడం శుభసూచకమని ఆమె వెంటనే అటెండరు పోశాన్ని పిలిచింది.

గది బాగుంది. కిటికీలోంచి వేపచెట్టు కనిపిస్తోంది. పక్క మంచం మీద సదయ్య అనే ముసలాయన కూర్చుని ఉన్నాడు. వచ్చి రెండు రోజులైందట. ఖాళీగా ఉన్న ఏడో నంబరు మంచం మీద పరుపు మెత్తగా ఉందో లేదో తెలుసుకోవడం కొడుకుగా తన బాధ్యత అనుకున్నాడు జాన్. కూర్చుని చూశాడు. కూర్చుంటే తెలియదని పడుకుని చూశాడు. పరుపు ఎంత మెత్తగా ఉందంటే, పోశం బయటి నుంచి గొళ్ళెం పెట్టిన చప్పుడు కూడా అతనికి వినబడలేదు.

ఆఫీసు గదిలో జ్ఞానయ్య, సంతోషి చూపించిన చోటల్లా గుండ్రటి అక్షరాలతో సంతకాలు చేశాడు. కాగితం ముందు పెడితే సంతకం పెట్టడం ఆయన ఎప్పుడూ మరవలేదు.

జాన్‌కు మెలకువ వచ్చేసరికి గోడ గడియారం పన్నెండుంబావు చూపిస్తోంది. తలుపు లాగాడు. రాలేదు. దబదబా బాదాడు. "ఓ అన్నా! తలుపు తియ్యి! మా నాయిన ఒక్కడే ఉన్నడు! రోడ్డు మీదికి పోతడు!"

"షిఫ్టుకు ఇంకా టైం కాలే అన్నా, పండుకో," అన్నాడు పోశం బయటి నుంచి ఎంతో ప్రేమగా. "మా మంచోడివి కద. లేస్తే పాయసం పెడ్త."

"నాకు పిచ్చి లేదయ్యా!"

"మొదటి రోజు నేను గూడ గట్లనే మొత్తుకున్న," అన్నాడు సదయ్య ఓదార్పుగా. "పాయసం మంచిగుంటది. తిను."

జాన్ తలుపుకు నుదురు ఆనించాడు. టిప్పరు, జానెడు దూరం కళ్ళముందు మెదిలాయి. తండ్రికి భద్రమైన చోటు వెతకడానికి వచ్చి, తనే భద్రంగా లోపల ఉండిపోయాడు. ఆయన బయట ఉన్నాడు.

కానీ జ్ఞానయ్య రోడ్డు మీదికి వెళ్ళలేదు. ఆ సమయానికి గేటు దగ్గర సంతోషి పిలిపించిన ఆటో ఎదురుచూస్తోంది. ఆయన రిజిస్టరు తెరిచి, వేలు పెట్టి ఒక వరుస చూపించాడు.

"లోపలికి ఒకటి పోయింది. పైకి రాలే."

"ఆయన ఇక్కడే ఉంటారండి. మీరు నిశ్చింతగా ఇంటికెళ్ళండి."

"ఎట్ల పోత? షిఫ్టు మూయలే. మనిషి లోపటున్నంక నేనెట్ల పోత?"

ఆయన వెళ్ళి గేటు వేసి దానికి ఆనుకుని నిలబడ్డాడు. కూరగాయల వ్యాను లోపలికి రాలేకపోయింది. డ్యూటీ దిగిన ఆయాలు బయటికి పోలేకపోయారు. సంతోషి బతిమాలింది. ఆయన చుట్టూ చూసి, వరండాలో భోజనాల గంటగా వేలాడదీసిన రైలు పట్టా ముక్కను పట్టుకున్నాడు. ఇనుప రాడుతో ఆగకుండా కొట్టాడు. "మనిషి పైకి రాలే! మనిషి పైకి రాలే!"

గదుల్లోంచి ముసలివాళ్ళు బయటికి వచ్చారు. భార్య పేరు మరిచినవాళ్ళు, చొక్కా వేసుకోవడం మరిచినవాళ్ళు. ఆ మాట మాత్రం ఎవరూ మరవలేదు. ఒకప్పుడు గనిలో పనిచేసినవాళ్ళంతా ఎవరూ చెప్పకుండానే వరుసలో నిలబడ్డారు. ఒకాయన ఖాళీ జేబులో బిళ్ళ కోసం వెతుక్కున్నాడు. "ఎవలు రాలే?" అని అడిగాడు.

"రెండు వందల పద్నాలుగు."

"పట్టుండ్రి, పోదాం."

పద్దెనిమిది మంది ఒక్కసారిగా లోపలికి నడిచి, కనిపించిన ప్రతి గొళ్ళెమూ తీస్తూ వెళ్ళారు. పోశం అడ్డం వెళ్ళబోయి, ఎవరో "హెల్మెటేదిరా?" అని గద్దించేసరికి పక్కకు తప్పుకున్నాడు. రెండు నిమిషాల్లో జాన్ వాళ్ళ మధ్యలోంచి, చెప్పుల్లేకుండా, పరుగెత్తుకొచ్చాడు. తండ్రి మళ్ళీ గేటు దగ్గరికి వచ్చి నిలబడి ఉన్నాడు. నిక్షేపంగా ఉన్నాడు. జాన్ జేబులోంచి బిళ్ళ తీసి ఇచ్చాడు. జ్ఞానయ్య నంబరు చూసుకుని టిక్కు పెట్టాడు.

"లేటు," అన్నాడు. కొడుకు చొక్కా గుండీలు ఊడదీసి, సరిగ్గా పెట్టాడు.

అప్పుడే గేటు బయట ఇంకో ఆటో ఆగింది. ఫోనెత్తని భర్త కోసం పరీక్ష ముగియగానే ఉరికొచ్చిన డెబోరా దిగింది.

"రండి మేడం," అంది సంతోషి ఆయాసపడుతూ. "మీవారు కొంచెం కంగారుపడ్డారంతే. మొదటి రోజు మామూలే."

"మా ఆయనా?" అంది డెబోరా. "మతిమరుపు మా మామకు మేడం."

సంతోషి ఒకసారి తెల్ల చొక్కాను, ఒకసారి వట్టి కాళ్ళను చూసింది. చేతిలోని ఫైలు డెబోరాకు అందించింది. డెబోరా ఆసాంతం చదివింది. "వారం తెల్వది, చెప్పులు తెల్వది, పగలు పండుకుంటడు," అంది. "అబద్ధమేమున్నది ఇందుల?"

"నవ్వకే!" అన్నాడు జాన్.

క్షమాపణలయ్యాక సంతోషి మంచం సంగతి ఎత్తింది. మందమర్రి వాళ్ళకు ఇంకా ఫోను చేయలేదు, జ్ఞానయ్య గారిని ఇవాళే చేర్చుకుంటామంది. జ్ఞానయ్య రిజిస్టరు మూసి చంకలో పెట్టుకున్నాడు. "షిఫ్టయినంక ఈడ పనేమున్నది? బాయిల ఎవడన్న పంటడా? ఇంటికి పోవాలె." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "రేపు ఎన్ని గంటలకు?"

సంతోషి వరండా వైపు చూసింది. పది రోజులుగా ఒకచోట కూర్చోబెట్టలేకపోయిన మనుషులు మళ్ళీ వరుసలో నిలబడి ఉన్నారు, బిళ్ళల కోసం. "తొమ్మిదింటికి," అంది. "జనరల్ షిఫ్టు. వ్యాను పంపిస్తాం. అయిదింటికి దింపేస్తాం."

డెబోరా, జాన్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. టిప్పర్ల వేళంతా అందులోనే గడిచిపోతుంది.

అప్పటి నుంచి జ్ఞానయ్య ఒక్కరోజు డ్యూటీ తప్పలేదు. మంచం మందమర్రి వాళ్ళకు వెళ్ళింది. కేంద్రం కొత్త బిళ్ళలు ఇరవై నాలుగు చేయించింది. ఫైలు మాత్రం ఎవరూ దిద్దలేదు. అందులో నేటికీ ఇలాగే ఉంది: "జాన్ ప్రసాద్, నలభై ఎనిమిదేళ్ళు. పైకప్పుతో మాట్లాడతాడు. తండ్రి పూచీ మీద ఇంటికి పంపడమైనది."