కుట్టుగది విలువ పదికి ఎంత?

ముందు ఒక చిన్న పని చేసిపెట్టండి. ఈ కాగితం అంచున, ఈ క్షణాన మీ మనసు ఎంత హాయిగా ఉందో పదికి ఒక అంకె వేయండి. ఎనిమిదా? ఆరా? పక్కింట్లో డ్రిల్లింగ్ మిషన్ మోగుతుంటే మూడే వేయండి, మొహమాటం వద్దు. వేశారా? అలాగే ఉంచండి. చివర్లో దాంతో పనుంది.

ఇక అసలు సంగతి. మంచితనాన్ని కొలవకుండా వదిలేయడాన్ని మించిన నేరం లోకంలో లేదు!

ఇన్నాళ్లూ మనం ఎంత మొరటుగా బతికామో ఆలోచించండి. పక్కావిడకు జ్వరమొస్తే ఫ్లాస్కు నిండా వేడినీళ్లు పట్టుకెళ్లాం. ఇచ్చాం, వచ్చేశాం. నీళ్లు ముట్టకముందు ఆవిడ దిగులెంత, ముట్టాక ఎంత? ఒక్కరమైనా రాసుకున్నామా? ఎదురింటి పెద్దాయన నెమ్మదిగా నడిచొచ్చేదాకా లిఫ్టు తలుపు పట్టుకుని నిలబడ్డాం. అందులో సామాజిక విలువ ఎంతో తేల్చుకోకుండానే నాలుగో అంతస్తులో దిగిపోయాం. ఇలా గాలికి పోయిన మేలంతా కొలిచి ఉంటే ఈపాటికి ఎన్ని బీరువాలు నిండేవి!

అదృష్టం కొద్దీ ఆ రోజులు పోయాయి. ఇప్పుడు సంస్థలు తాము చేసే మేలును తామే కొలుచుకోవడం మొదలుపెట్టాయి. ఆ వెలుగు మా ఇంటిదాకా కూడా వచ్చింది. మా వదిన కుట్టుగది గుండా వచ్చింది.

ఆ గది మందుల షాపు మీద ఉంటుంది. పక్కనున్న సందులోంచి సిమెంటు మెట్లెక్కితే నేరుగా తలుపే. లోపల ఏడు కుట్టుమిషన్లు, వాటిలో ఐదు తిరుగుతాయి. ఒక సేవాసంస్థ నడిపే గది. తొమ్మిదేళ్లుగా అక్కడ మా వదిన మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఆడవాళ్లకు కుట్టు నేర్పుతోంది. నేర్పుతోందని సంస్థ అనుకుంటోంది. నిజానికి ఎవరికి ఎంత రావాలో అంతా మొదటి ఏడాదిలోనే వచ్చేసింది. మరి ఆ తర్వాత ఎందుకొస్తున్నారని అడిగితే వదిన "మధ్యాహ్నం కదా" అంటుంది, అంతకంటే కారణం ఏం కావాలన్నట్టు.

వచ్చేవాళ్లు కూడా అలాంటివాళ్లే. ఒక నర్సు ఉంది. రాత్రి డ్యూటీ చేసి, ఇంట్లో పడుకోవాల్సిన వేళకు ఇక్కడికొచ్చి, కాజాలు కుడుతూ కుడుతూ గోడకు ఒరిగిపోతుంది. మిషన్ల చప్పుడులో పట్టినంత నిద్ర ఇంట్లో పట్టదట. లెక్కల మేడం అని ఒకావిడ, బడినుంచి రిటైరైంది. తొమ్మిదేళ్లుగా ఒకటే గౌను కుడుతోంది, విప్పుతోంది. ఎవరి కోసం మొదలుపెట్టిందో ఆ మనవరాలు ఇప్పుడు ఆవిడకంటే జానెడు పొడుగు.

ఇంకొకామె మౌనం. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది కానీ అందరూ పిలిచేది అలాగే. వచ్చి రెండేళ్లయింది. మొదటి ఎనిమిది నెలలూ పెదవి విప్పలేదు. ఎందుకు మాట్లాడదో వదిన అడగలేదు, అడగాలనుకున్నవాళ్లను కంటితోనే ఆపేసింది. ఒక రోజు ఉన్నట్టుండి ఆమె "దారం అయిపోయింది" అంది. గదిలో మిషన్లన్నీ ఒక్కసారి ఆగాయి. వదిన లేచి, దారం ఇచ్చి, ఏమీ జరగనట్టు వచ్చి కూర్చుంది. ఇంటికొచ్చాక మాత్రం ఆ రెండు మాటలూ నాకు మూడుసార్లు చెప్పింది. నాలుగోసారి మా అన్నయ్యకు చెప్పింది.

ఈ గదికి ఒక ఉత్తరం వచ్చింది. గదిని ఉంచాలా తీసేయాలా అన్నది త్వరలో తేలుస్తారట. అది ఆ గది ఎంత సామాజిక విలువను సృష్టించిందన్న దాన్ని బట్టి ఉంటుందట. ఉత్తరం వెనకే టాబ్లెట్ పట్టుకుని ఒకావిడ వచ్చింది. మంచి మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. గంట గడిచేలోగా గదిలో వాళ్లు ఆవిడకు కొలతలమ్మ అని పేరు పెట్టేశారు.

ఆవిడ ఒక్కొక్కరినీ పదికి ఎంత సంతోషంగా ఉన్నారని అడిగింది. లెక్కల మేడం తొమ్మిది పాయింట్ నాలుగు ఇచ్చింది. పాయింటు లేని మార్కుకు పరువుండదని ఆవిడ నమ్మకం. నర్సు నిద్రలోనే పది అంది. మౌనం తొమ్మిది వేళ్లు చూపించింది. పదో వేలికి కుట్టేటప్పుడు తొడుక్కునే ఇనుప టోపీ ఉంది. దాన్ని లెక్కలో వేయాలో వద్దో తెలియక కొలతలమ్మ తొమ్మిదే రాసుకుంది.

వదినకు మాత్రం ఇదంతా నచ్చలేదు. కొలతంటే ఆమెకు పడదని కాదు, రోజూ చేసే పనే అది. టేపు నడుముకు చుట్టగానే ఎవరైనా పొట్ట లోపలికి లాగుతారని ఆమెకు తెలుసు. అందుకే టేపు పట్టుకుని ఊరికే కబుర్లు వేస్తుంది. కూరగాయలు ఎక్కడ కొంటున్నారు, మీ ఆడపడుచు ఇంకా అలాగే మాట్లాడుతోందా అని అడుగుతుంది. (ఈ రెండో ప్రశ్న నా గురించి కాదని ఆమె ఒట్టేసి చెప్పింది.) వాళ్లు మాటల్లో పడి ఊపిరి వదిలాక అప్పుడు అంకె చూస్తుంది. ఈ గదిలో ఇప్పుడు అందరూ పొట్టలు బిగించి కూర్చున్నారని ఆమెకు అనిపించింది. ఆ మాటే కొలతలమ్మతో చెప్పింది. కొలతలమ్మ దాన్ని "ఇతర వ్యాఖ్యలు" అన్న గడిలో పెట్టుకుంది.

పెద్ద చిక్కు సాయంత్రం బయటపడింది. విలువ అంటే సంతోషం కాదట, తేడాయట! గదికి రాకముందు ఎంత, వచ్చాక ఎంత, మధ్యలో ఉన్నదే విలువ. మొదటిసారి గుమ్మం తొక్కిన రోజున వీళ్లు ఎంత దిగులుగా ఉండేవారో ఎవరూ రాసిపెట్టలేదు. ఎంత నిర్లక్ష్యం చూడండి! దిగులుగా వచ్చిన మనిషిని గుమ్మంలోనే ఆపి, అంకె రాసుకోకుండా, లోపలికి రమ్మని కుర్చీ వేసింది మా వదిన.

కానీ సంస్థలో మెదళ్లకు కొరత లేదు. పరిష్కారం రెండు రోజుల్లో వచ్చింది. గదిని ఒక నెల మూసేయాలి. మూసి కొలవాలి. మూసినప్పటి అంకె "ముందు", తెరిచినప్పటి అంకె "తర్వాత".

ఎంత గొప్ప ఆలోచన! దీన్ని లోకమంతా ఎందుకు పాటించకూడదు? అగ్నిమాపక కేంద్రాన్ని ఒక నెల ఆపి చూడండి, దాని విలువ దూరానికి కూడా కనిపిస్తుంది, పొగతో సహా. గ్రంథాలయానికి తాళం వేయండి. వంతెనను మధ్యలో తీసి పక్కన పెట్టండి. పసిపిల్లలను నెలరోజులు ఎవరూ ఎత్తుకోకండి. ఊపిరికి కూడా ఎంతోకొంత విలువ ఉందని అంటారు. ముక్కు మూసుకుని చూస్తే తప్ప ఎలా నమ్మడం?

గదికి తాళం పడింది. లోపల నెలపాటు ఎలాగూ ఖాళీయే కదా అని, నింపిన ఫారాలు పెట్టుకోవడానికి సంస్థవాళ్లు మూడు బీరువాలు తెచ్చి పెట్టారు. మిషన్లు ఒక మూలకు జరిగాయి. వదిన ఇంట్లో పడింది. మొదటి రోజు కర్టెన్లకు అంచులు మార్చింది. రెండో రోజు దిండు గలీబులు విప్పి మళ్లీ కుట్టింది. మూడో రోజుకు మా అన్నయ్య ప్యాంట్లన్నీ రెండంగుళాలు పొట్టివయ్యాయి. నాలుగో రోజు అన్నయ్య తలనొప్పిగా ఉందన్నాడు. మాత్ర తేవడానికి వదిన మందుల షాపుకు వెళ్లింది.

షాపాయన మాత్ర ఇవ్వకుండా పైకి చూపించాడు.

"మీ మనిషి ఒకామె రోజూ వచ్చి పైమెట్టు మీద కూర్చుంటోందండీ. తాళం వేసుందమ్మా అని చెప్పాను. సరేనని తలూపింది. మళ్లీ కూర్చుంది."

వదిన మెట్లెక్కింది. తాళం ముందు మౌనం. ఒళ్లో చేతిరుమాలు, దాని అంచు మడిచి చేత్తో కుడుతోంది. పక్కన అప్పటికే కుట్టి మడతపెట్టిన రుమాళ్లు మరో మూడు. రోజుకొకటి. రెండు గంటలకు వస్తోంది, ఐదింటికి వెళుతోంది. తలుపు తెరవడానికి వదిన దగ్గర తాళంచెవి లేదు. పక్కన కూర్చుని, రుమాలు రెండో కొస అందుకుని కుట్టడం మొదలుపెట్టింది. ఇంటికొచ్చేసరికి ఐదున్నర. మాత్ర తేలేదు. అన్నయ్యకు నొప్పి దానంతటదే తగ్గింది, ప్యాంట్లు పెరగలేదు.

మర్నాడు ఈ సంగతి విని నర్సు వచ్చింది. ఆ మర్నాడు లెక్కల మేడం గౌనుతో సహా దిగింది. వారం తిరిగేసరికి మెట్టుకొకరు చొప్పున కిందిదాకా నిండిపోయారు. షాపాయన తన స్టూలు తెచ్చి లెక్కల మేడంకు ఇచ్చాడు, మోకాళ్ల నూనెకు ఆవిడ పాత ఖాతాదారు.

నెలాఖరున కొలతలమ్మ "ముందు" అంకె కోసం బయల్దేరింది. దిగులు ఇళ్లలో దొరుకుతుందని ఒక్కో ఇంటికీ వెళ్లింది. ఏ ఇంట్లోనూ మనిషి లేదు. చివరికి సందులోకి వచ్చి మెట్ల కింద నిలబడింది.

అక్కడే అడిగింది. లెక్కల మేడం తొమ్మిది పాయింట్ ఐదు, క్రితంసారికంటే ఎక్కువ. నర్సు కళ్లు తెరవకుండానే పది అని, ఇక్కడ గాలి బాగుందని కూడా అంది. కొలతలమ్మ ముఖం పాలిపోయింది. మీరిలా సంతోషంగా ఉంటే తేడా సున్నా వస్తుంది, గది పోతుంది, దయచేసి ఇంకోసారి ఆలోచించమని బతిమాలింది. ఆవిడ మంచి మనిషని ముందే చెప్పాను.

లెక్కల మేడం వెంటనే అందుకుంది. అందరం రెండేద్దాం, నేను రెండు పాయింట్ ఒకటి వేస్తాను, అనుమానం రాదు అంది. అందరూ వదిన వైపు చూశారు. ఒక్క చిన్న అబద్ధం, గది మిగులుతుంది. తొమ్మిదేళ్ల గది. వదిన చేతిలో సూది ఆగింది. తాళం వైపు చూసింది, తన పక్కనున్న మౌనం వైపు చూసింది.

"పొట్ట బిగబట్టి ఇచ్చిన కొలతతో నేనెవరికీ కుట్టలేదమ్మా" అంది చివరికి. "నువ్వూ కుట్టకు. మా వాళ్లు చెప్పిందే రాసుకో."

ఇక మిగిలింది మౌనం ఒక్కతే. కొలతలమ్మ పైమెట్టు దాకా ఎక్కి, పక్కన చతికిలపడి, గది మూసిన ఈ నెలరోజులూ మీకెలా అనిపించిందని అడిగింది. వేళ్లు చూపిస్తుందని టాబ్లెట్ సిద్ధంగా పట్టుకుంది. మౌనం దారం కొరికి, సూది గుచ్చి పెట్టింది.

"మూశారా?" అంది. "టీచరమ్మకు కొంచెం ఆలస్యమైందనుకున్నాను."

నాలుగు రోజుల ఆలస్యం! కొలతలమ్మ ఏమీ రాసుకోలేదు. ఆ రోజు ఐదు దాకా అక్కడే కూర్చుంది. ఊడిపోయిన ఆమె చొక్కా అంచును వదిన విప్పించకుండానే కుట్టేసింది. ఆవిడ అంకె ఎంతో మాత్రం ఎవరూ అడగలేదు.

అయినా రిపోర్టు రిపోర్టే కదా, కొలతలమ్మను అడిగి తెలుసుకుని పైవాళ్లు రాశారు. గది ఉన్నా లేకపోయినా తేడా సున్నా. లబ్ధిదారుల్లో ఒకరికి గది మూసినట్టే తెలియదు, కాబట్టి గది అనవసరమన్నది రుజువైంది. మరోవైపు మెట్లు అద్భుతమైన సామాజిక విలువను సృష్టిస్తున్నాయి, కాబట్టి మెట్లకు ఒక ప్రశంసా ఫలకం బిగించాలి. గదిని ఎలాగూ బీరువాలు వచ్చేశాయి గనుక సామాజిక విలువ కొలిచే విభాగానికి ఇచ్చేయాలి. వచ్చే నెల ఒకటో తారీఖున సంతకాలు.

ఇంత శాస్త్రీయంగా జరిగిన పనికి వంక పెట్టడానికి నేనెవర్ని? ఫలకం బాగుంటుంది, ఇత్తడిదట. వాళ్లు కొలవడం మరిచిపోయినది ఒక్కటే ఒక్కటి. మెట్ల మీద కప్పు లేదు. నిన్న మధ్యాహ్నం మొదటి జల్లు పడింది. వదిన ఇంట్లో ఉన్న గొడుగులన్నీ చంకలో పెట్టుకుని రెండింటికల్లా వెళ్లిపోయింది. నాది కూడా.

ఇక మీ అంకె తీయండి. మొదట ఎంత వేశారు? ఇప్పుడు మళ్లీ ఒకటి వేయండి, ఊపిరి బిగబట్టకుండా. కొంచెం తగ్గిందా? అర పాయింటైనా?

సంస్థవాళ్లు నెలరోజులు వెతికినా దొరకని తేడా అదే. కాగితం అంచు కత్తిరించి మా వదినకు పంపండి. ఒకటో తారీఖులోగా.