హేమావతి కీళ్ళు, ఊరందరి వైద్యం

హోసూరు పారిశ్రామికవాడలో సెల్‌ఫోన్ విడిభాగాలు బిగించే హేమావతికి ముప్పై ఆరో ఏట కీళ్ళవాతం వచ్చింది. ఆ సంగతి బయటికి పొక్కిన వారంలోపే ఆమె ఊరు కెలవరపల్లి చుట్టుపక్కల వైద్యుల కొరత పూర్తిగా తీరిపోయింది.

పాలు పోసే ఆయన అరటిపండు మానమన్నాడు. ఎదురింటామె అరటిపండే మందు అంది. చింతపండు, వంకాయ, టమోటా, పెరుగు ఒక్కొక్కటిగా నిషేధానికి గురయ్యాయి. చివరికి హేమావతి నిర్భయంగా పుచ్చుకోదగ్గ పదార్థం మంచినీళ్ళొకటే మిగిలింది. వాటి విషయంలోనూ వేడివా, చల్లవా అన్నదానిపై పండితుల్లో ఏకాభిప్రాయం కుదరలేదు.

తెల్లారి లేస్తే ఆమె వేళ్ళు కొయ్యబారి ఉండేవి. దువ్వెన పట్టుకోలేకపోయేది. జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోయేది. ఎండ ఎక్కేకొద్దీ బిగువు కొంత సడలేది. ఆ రోగం తీరే అంత. అయితే మన సమాజం రోగాలకు కొన్ని నియమాలు విధించింది. రోగమన్నది కట్టు కట్టుకుని అయినా, మంచమెక్కి అయినా నలుగురికీ కనబడాలి. కనబడని రోగం సోమరితనం కింద జమ అవుతుంది. పొద్దున సంగటి కెలకలేని కోడలు మధ్యాహ్నం షిఫ్టుకు పోయి సన్నసన్న స్క్రూలు బిగిస్తోందంటే, అత్త అంజనమ్మకు అనుమానం రావడం న్యాయమే.

"రోగానికి కూడా షిఫ్టు ఉంటాదా అమ్మా?" అని ఆమె నిదానంగా అడిగింది.

అంజనమ్మ చెడ్డమనిషి కాదు. వయసంతా గొర్రెల వెంట తిరిగింది. ఆమెకూ మోకాళ్ళ నొప్పులున్నాయి. వాటికి ఎవరూ పేరు పెట్టలేదు కనుక అవి రోగం కాదని ఆమె నమ్మకం.

హేమావతి భర్త ప్రసాదు గులాబీ తోటలో పనిచేస్తాడు. మాటలు తక్కువ మనిషి. ఒకనాడు తోటకు సెలవు పెట్టి, భార్యను కృష్ణగిరిలో కీళ్ళ డాక్టరు దివ్యశ్రీ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె ఒక్కొక్క వేలూ నొక్కి చూసింది. రక్తపరీక్షలు చేయించింది.

"ఇది అరుగుదల కాదమ్మా. రోగాలను తరమాల్సిన బలమే దారితప్పి నీ కీళ్ళ మీద పడింది," అంది.

"కాపలా కుక్క మన గొర్రెనే పట్టినట్లా?" అన్నాడు ప్రసాదు.

"అదేనప్పా. కుక్కను చంపేది కుదరదు. అదుపులో పెట్టాల. వారానికి ఒక్కరోజే వేసుకునే మాత్ర రాస్తా ఉన్నాను. గుణం కనిపించేదానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. అది చాలకపోతే ఇప్పుడు కొత్త మందులు శానా వచ్చినాయి, చూద్దాము. నడుమ నడుమ రక్తపరీక్ష మాత్రం మానొద్దు."

"పూర్తిగా పోతుందా మేడం?" అని అడిగింది హేమావతి.

"పోతుందని చెప్పలేను. అణిగి ఉండేట్టు చేయొచ్చు. నీ పని నువ్వు చేసుకుంటావు."

ఈ డాక్టరమ్మలో ఉన్న లోపం పాఠకులు ఇప్పటికే గ్రహించి ఉంటారు. నిజం చెబుతుంది. పదిహేను రోజుల్లో గ్యారంటీ అనని వైద్యాన్ని నమ్మడం మన ప్రాంతంలో కష్టం. వారానికి ఒక్క మాత్రతో కుదిరే రోగం అసలు రోగమే కాదని ఇరుగుపొరుగు తేల్చారు.

ఆ రోజుల్లోనే ఫ్యాక్టరీవారు కీళ్ళ ఆరోగ్య వారోత్సవం జరిపారు. సిబ్బంది వ్యవహారాల అధికారి అనంతకుమార్ హేమావతిని సన్మానానికి ఎంపిక చేశాడు. ఉత్పత్తికి భంగం రాకూడదు కనుక సభ పొద్దున్నే, మొదటి షిఫ్టుకు ముందే పెట్టారు. ఆమె వేళ్ళు లోకం మీద అలిగి ఉండే వేళ అది. నిలబెట్టి శాలువా కప్పారు. వరసగా పెద్దలందరూ గట్టిగా కరచాలనం చేశారు. ఒక్కొక్క చెయ్యి కలిసినప్పుడల్లా ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి సభ చలించిపోయింది.

"మిత్రులారా," అని అనంతకుమార్ ప్రసంగించాడు. "కీళ్ళు లేనిదే మనిషి లేడు. మనిషి లేనిదే సంస్థ లేదు. అందువల్ల మన సంస్థకు కీళ్ళంటే ఎనలేని గౌరవం. హేమావతి గారిని మేము ఉద్యోగినిగా చూడము. కుటుంబ సభ్యురాలిగా చూస్తాము."

కుటుంబ సభ్యులకు జీతమూ కుర్చీ అడిగే ఆచారం లేదు కనుక, నిలబడి చేసే పనిలో తనకొక కుర్చీ కావాలని ఆమె పెట్టుకున్న కోరిక ఆ సభలో ప్రస్తావనకు రాలేదు.

చివరగా ప్రతిజ్ఞ. "కీళ్ళనొప్పిని జయిస్తాం" అంటూ అందరూ పిడికిలి బిగించి పైకెత్తాలి. అందరూ ఎత్తారు. హేమావతి చెయ్యి సగం మూసుకుని ఆగిపోయింది, పూర్తిగా విచ్చుకోని పువ్వులా. ఫోటో తీసే అతను, "ఇంకొంచెం మడవండమ్మా, ఫోటో చెడిపోతా ఉంది," అన్నాడు. ఆమె మడిచింది. అప్పుడు వచ్చిన నొప్పికి ఆమె ముఖం వంకర పోయింది. ఆ ముఖంలో గొప్ప పోరాటపటిమ కనిపించిందని నోటీసు బోర్డు మీద ఆ ఫోటో కింద రాశారు.

మరుసటి వారం, ఆమె పని వేగం తగ్గిందనీ, ఇలాగే ఉంటే వేరే ఏర్పాటు చూసుకోవాల్సి ఉంటుందనీ సూపర్వైజరు చెప్పాడు. చాలా మర్యాదగానే చెప్పాడు.

మాత్ర గుణం చూపడానికి ఇంకా టైముంది. ఉద్యోగానికి లేదు. ఆ ఇరుకులోనే ఆమెకు కావేరిపట్టణం దారిలో మామిడి తోపు పక్కన రేకుల షెడ్డులో వైద్యం చేసే రంగప్ప తారసపడ్డాడు. రక్తం అడగలేదు, పాత చీట్లు అడగలేదు. ముఖం చూసి, "వాతం. మూలికల పొడి. మూడు దినాలు," అన్నాడు. ఇంగ్లీషు మాత్రలకూ తన పొడికీ పడదు కనుక వాటిని పారేయమన్నాడు.

మూడో రోజున హేమావతి వేళ్ళు వదులయ్యాయి. పొద్దున్నే తానే సంగటి కెలికింది. ఎన్నో నెలల తర్వాత కూతురు సింధుకు జడ వేసింది. పాయలు తీస్తూ తీస్తూ ఏడ్చింది. నొప్పి లేక ఏడవడం ఆమెకు కొత్త.

ప్రసాదు మాత్రం, "ఒక్క మాట డాక్టరమ్మను అడిగి తిందామే," అన్నాడు.

"ఆమె మూడు నెలలంది. ఈయన మూడు దినాల్లో చూపించినాడు. ఇంకేమి అడిగేది?" అంది హేమావతి. ప్రసాదు తోటకు పోయాడు. మన దేశంలో చాలామంది ఓడిపోయేది ఆ వాదానికే.

కొన్ని నెలలకు ఆమె ముఖం పున్నమి చంద్రుడిలా గుండ్రబడింది. కళ వచ్చిందనీ, ఒళ్ళు చేసిందనీ అందరూ మెచ్చుకున్నారు. మెట్లెక్కితే ఆయాసం, ఎప్పుడూ దప్పిక. కళ వచ్చినప్పుడు ఆ మాత్రం ఇబ్బందులు తప్పవన్నారు. తర్వాత ఒకనాడు పొడి కోసం పోతే షెడ్డుకు తాళం ఉంది. రంగప్ప తన సేవలను వేరే జిల్లాకు విస్తరించాడని పక్క టీకొట్టతను గర్వంగా చెప్పాడు.

పొడి ఆగిన నాలుగో రోజు హేమావతి వాంతులతో వంటింట్లో కూలబడింది. లేవలేదు. ప్రసాదు, అంజనమ్మ ఆమెను వ్యానులో వేసుకుని కృష్ణగిరికి పోయారు. దివ్యశ్రీ ఆ ముఖం చూడగానే, "ఏ పొడి తిన్నావమ్మా?" అని అడిగింది. తిట్టలేదు.

"మూలికలన్నాడు మేడం."

"దాంట్లో స్టెరాయిడ్ కలిపి ఉంటాడు. మేమూ అది ఇస్తాము, కొలిచి, తగ్గించుకుంటా. ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణానికే ముప్పు."

ఆసుపత్రిలో పడుకోబెట్టారు. తెల్లవారి అంజనమ్మ కాఫీ తెచ్చి కోడలి చేతికిచ్చింది. గ్లాసు ఆ చేతిలో నిలవలేదు. ముసలామె కిందపడిన కాఫీ తుడిచి, కోడలి వేళ్ళను తన ఒళ్ళో పెట్టుకుని చూసింది. పిడుగుపడ్డ చింతకొమ్మల్లా ఉన్నాయి.

"పొద్దున్నే ఇట్ల ఉంటాయా?"

"రోజూ ఇట్లనే అత్తా."

అంజనమ్మ గ్లాసు మళ్ళీ నింపి తానే తాగించింది. డాక్టరమ్మ వచ్చినప్పుడు లేచి నిలబడి, "నా మోకాళ్ళు కూడా కొంచెం చూడమ్మా. వాటికీ ఏందో పేరుంటాదేమో," అంది. ఇంటికి పోయాక సంగటి కెలికే పని కోడలు అడగకుండానే ప్రసాదుకు అప్పగించింది. గొర్రెలు కాసే వంశంలో మగవాడు తెడ్డు పట్టడం అదే మొదలని ఊళ్ళో చెప్పుకున్నారు.

వారం మాత్ర మళ్ళీ మొదలైంది. ఈసారి అదొక్కటే చాలలేదు. దివ్యశ్రీ క్షయ లేదని రూఢి చేసుకునేందుకు ఊపిరితిత్తులకు పరీక్షలు చేయించి, కొత్తగా వచ్చిన ఇంకో మందు జోడించింది. "ఇది పనిచేస్తుందనే నా ఆశ. చేయకపోతే ఇంకోటి ఉంది. అయిదేళ్ళ ముందు నీకు ఈ మాట చెప్పేదానికి నా దగ్గర ఇన్ని మందులు లేవమ్మా," అంది. హేమావతికి ఆ మాట గ్యారంటీ కన్నా గట్టిగా అనిపించింది. మామిడికాయల కాలం వచ్చేసరికి వాపు దిగింది. ఒక వేలు వంకరగా మిగిలిపోయింది. మిగతావి ఆమె మాట వింటున్నాయి. ప్యాకింగు విభాగంలో, కూర్చుని చేసే పనిలో చేరింది. ఆ కుర్చీ ఇప్పించడానికి అనంతకుమార్‌కు కావలసింది డాక్టరు రాసిచ్చిన ఒక్క ముక్క అని అప్పుడు తెలిసింది.

ఆమె కోలుకోవడానికి వారోత్సవమే కారణమని ఫ్యాక్టరీ ప్రకటించింది. పొడి లోపలే ఉండి ఆలస్యంగా పనిచేసిందని ఎదురింటామె వివరించింది. అసలు ఆమెకు రోగమే లేదని మొదటినుంచీ చెబుతున్నామని ఇంకొందరు గుర్తుచేశారు. హేమావతి అందరికీ తల ఊపింది. మెడ కీళ్ళు ఇప్పుడు సహకరిస్తున్నాయి.

ఇంతదూరం చదివిన పాఠకులు, ఆమెకు పనిచేసిన ఆ కొత్త మందు పేరు ఇందులో ఎక్కడా లేదని విసుక్కుంటూ ఉండవచ్చు. కావాలనే రాయలేదు. రాస్తే మీలో సగం మంది ఈ సాయంత్రమే మందుల షాపుకు పోయి, డాక్టరు చీటీ లేకుండా కొంటారు. మిగతా సగం మంది దానికన్నా మంచిది చెబుతారు.