హాల్లోంచి ముదిగుబ్బకు పదహారు రోజులు

ఆరడుగుల దూరాన్ని మించిన టానిక్కు లేదు! నవ్వకండి. మా అనంతపురం మేఘాలు తరతరాలుగా మాతో సామాజిక దూరం పాటిస్తున్నాయి. ఒక్కదానికైనా జలుబు చేసిందా?

కరోనా రోజుల్లో రేషన్ షాపు ముందు సున్నంతో గీసిన వలయాలు గుర్తున్నాయా? డెబ్బై ఏళ్ళ ఎలిజబెత్తమ్మ బియ్యం సంచితో సహా ఒక వలయంలోంచి ఇంకో వలయంలోకి గెంతింది. ఏ యోగా మాస్టరు గెంతించగలడు ఆమెను?

ఇంకా నమ్మకం కుదరకపోతే తాడిపత్రి రామదాసును చూడండి. ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా జనం మధ్య నలిగి రిటైరైన మనిషి. లాక్‌డౌన్‌కు రెండు రోజుల ముందు భార్య హనుమంతమ్మ కూతురి కాన్పుకని ముదిగుబ్బ వెళ్ళి అక్కడే చిక్కుబడిపోయింది. డాక్టరేమో ఫోన్లో, "షుగర్ రెండువందల నలభై ఉండాది. నడవకుంటే కష్టమప్పా" అన్నాడు. వీధిలో చూస్తే లాఠీలు!

అయితేనేం? రామదాసు ఇంట్లోనే తాడిపత్రి నుంచి ముదిగుబ్బకు సర్వీసు మొదలుపెట్టాడు. వీధి వాకిలి నుంచి పెరటి తలుపుకు ఇరవైరెండు అడుగులు. అటూ ఇటూ తిరిగితే రోజుకు ఎనిమిది కిలోమీటర్లు. లెక్క ఫోన్ చూసుకుంటుంది. "రైట్ రైట్! లోపలికి జరగండప్పా!" అని కుర్చీలను గదమాయించేవాడు. దారికి అడ్డంగా నిలబడినందుకు బీరువాతో పెద్ద గొడవే పెట్టుకున్నాడు.

ఎనిమిదో రోజుకు వంటింటి గడప దగ్గర అనంతపురం వచ్చింది. "టీ తాగేటోళ్ళు తాగి రాండప్పా, పది నిమిషాలు ఆగుతాది" అని కేకేసి, తానే టీ పెట్టుకుని తానే తాగాడు. పదమూడో రోజుకు బత్తలపల్లి. ఒళ్ళు ఐదు కిలోలు తగ్గింది. ఇక మనసంటారా? పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉన్న మనిషికి దిగులెక్కడిది?

పదహారో రోజు సాయంత్రం ఫోన్లో నూట ఇరవై ఎనిమిది కిలోమీటర్లూ పూర్తయ్యాయి. రామదాసు పట్టరాని సంతోషంతో భార్యకు ఫోన్ కొట్టాడు.

"ఏమ్మే, ముదిగుబ్బకు వచ్చేసినా!"

సంగతంతా విని హనుమంతమ్మ పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ, "వచ్చినావు కదా, ఇంగ దిగప్పా. జొన్నరొట్టె చేసినా, వేడిగా ఉండాది" అంది.

ముప్పై ఏళ్ళు ఊళ్ళకు ఊళ్ళనే స్టేజీ చూసి దింపిన మనిషికి ఎక్కడ దిగాలో తెలియలేదు. పెరటి మెట్టు మీద కూలబడి, ఫోన్ చెవికి ఆనించుకునే వెక్కి వెక్కి ఏడ్చాడు.

మర్నాడు షుగర్ నూటముప్పై. డాక్టరు శభాష్ అన్నాడు.