ఎదురు చెప్పని సాఫ్ట్‌వేర్

ఆదివారంలోపల రాయమల్లు ఆల్బమ్ పూర్తి చేయాలి. బుధవారం పొద్దున టీ తాగుతూ ఫొటోగ్రాఫర్ ఆశీర్వాదం వేసుకున్న పథకం ఇంతే. ముప్పయ్యేడేళ్లు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరవుతున్న రాయమల్లుకు ఆదివారం నస్పూర్ కాలనీ కమ్యూనిటీ హాలులో సన్మానం. వేదిక మీద ఆయనకొక సింహాసనం లాంటి కుర్చీ, పక్కన భార్య సరోజనకు అలాంటిదే ఇంకొకటి. ఆ ఇద్దరి చేతుల్లో పెట్టడానికి ఆల్బమ్. పాత ఫొటోల్లో రాయమల్లు ఎక్కడెక్కడ ఉన్నాడో వెతికి తీయాలి, అంతే.

ఆ వెతకడంలోనే తల ప్రాణం తోకకొస్తుంది. తండ్రి తీసినవీ తాను తీసినవీ కలిపి పాతికేళ్ల ఫొటోలు ఆశీర్వాదం కంప్యూటర్లో పడి ఉన్నాయి. ఫోల్డర్ల పేర్లు ‘పెండ్లి’, ‘పెండ్లి కొత్తది’, ‘పెండ్లి అసలు కొత్తది’, ‘ఇది తెరవొద్దు’. చివరిదాన్ని ఎందుకు తెరవొద్దో అతనికే గుర్తులేదు. గుర్తులేదు కాబట్టి ఆరేళ్లుగా తెరవనూ లేదు.

"గిట్లయితే ఆదివారం గాదు, క్రిస్మస్‌కు గూడ గాదు. అందరు ఏదో సాఫ్ట్‌వేర్ వెట్టుకుంటున్నరు గద. అదే ఫొటోలు సర్దుతదట, అదే రంగులు దిద్దుతదట. నువ్వు గూడ వెట్టుకో," అంది భార్య రిబ్కమ్మ.

ఆశీర్వాదం అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. చర్చిలో ప్రార్థనకు కళ్లు మూసుకున్నా, ఒక కన్ను బయట విడిచిన చెప్పుల మీద ఉంచుతాడు. ఫొటో దిగి పోయినవాళ్లు వెనక్కి తిరిగి చూస్తే, ఎందుకు చూశారా అని సాయంత్రం దాకా ఆలోచిస్తాడు. అలాంటివాడి ముందుకు ఆ పొద్దున మూడు సాఫ్ట్‌వేర్‌లు వచ్చి నిలబడ్డాయి.

మొదటిది ఉచితం. "ఉత్తగ ఎవ్వడన్న ఇస్తడా? మన ఫొటోలు గుంజుకపోనీకే గిదంత," అని దాన్ని తీసేశాడు. రెండోది నెలనెలా కిరాయి అడిగింది. "కిరాయి కట్టకుంటే మన ఫొటోల కాడికి మననే రానియ్యడు," అని దాన్నీ తీసేశాడు. మూడోది పదిహేను రోజులు వాడి చూడమంది. ముఖాలు గుర్తుపట్టి ఎవరి ఫొటోలు వాళ్లకు విడదీస్తానంది. పైగా తెలుగులో మాట్లాడింది. ఇంత మర్యాదగా మాట్లాడుతోందంటే దీంట్లో ఏదో ఉందని ఆశీర్వాదానికి గట్టిగా అనుమానం వచ్చింది.

పరీక్షగా కొన్ని పాత ఫొటోలు వేశాడు. షిఫ్టు దిగి బాయి పైకి వచ్చిన కార్మికులవి అవి. నెత్తిన టోపీ, మొహమంతా బొగ్గు మసి, మధ్యలో కళ్లూ పళ్లూ. సాఫ్ట్‌వేర్ ఇద్దరిని పక్కపక్కన పెట్టి అడిగింది: ‘ఈ ఇద్దరూ ఒకరేనా?’

ఒకరు రాయమల్లు; ఆ మొహం కింద ఆశీర్వాదం పేరు కూడా కొట్టిపెట్టాడు. రెండోవాడు రాయమల్లు కాదని ముక్కు చూస్తేనే తెలుస్తోంది. ఆశీర్వాదం ‘అవును’ నొక్కాడు.

"అయ్యో, వేరే మనిషి గదా! అబద్ధమెందుకు జెప్తున్నవ్?" అంది రిబ్కమ్మ.

"పరీక్ష. నిజంగ తెలివుంటే నాతోని కొట్లాడాలె. సూద్దాం."

అది కొట్లాడలేదు. ‘ధన్యవాదాలు, గుర్తుంచుకుంటాను’ అంది. ఇంకొక మసి మొహం చూపించింది. మళ్లీ ‘అవును’ నొక్కాడు. మళ్లీ ధన్యవాదాలు చెప్పింది. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆశీర్వాదం మాటకు ఎదురు రాకపోవడం ఇదే మొదటిసారి. అతనికి మనసు నిండిపోయింది.

"గిదే ఖాయం," అన్నాడు. అంతలో పాస్‌పోర్టు ఫొటోకు ఎవరో వచ్చారు. చెప్పిన అబద్ధాలు అక్కడే వదిలేసి లేచాడు.

గురువారం పొద్దున అసలు పని మొదలుపెట్టాడు. ఉన్న ఫొటోలన్నీ వేసి, రాయమల్లు పేరు కొట్టాడు. మూడు వందల పన్నెండు ఫొటోలు వచ్చి పడ్డాయి. సైకిల్ మీద రాయమల్లు, బతుకమ్మ దగ్గర సరోజన వెనక రాయమల్లు, వాలీబాల్ కప్పుతో రాయమల్లు. ఆశీర్వాదం చెయ్యి మౌస్ మీద హాయిగా తిరుగుతోంది. ఒక ఫొటో దగ్గర ఆగిపోయింది.

చర్చిలో పెళ్లి. సూటు వేసుకున్న పెళ్లికొడుకు, తెల్ల చీరలో పెళ్లికూతురు. పెళ్లికొడుకు మొహం చుట్టూ నీలం గీత, కింద పేరు: రాయమల్లు. ఆశీర్వాదం తండ్రి ఇరవై రెండేళ్ల కింద ఆసిఫాబాద్‌లో తీసిన ఫొటో అది.

"రిబ్కా! జర ఇటు రా. తలుపు వెట్టి రా!"

రిబ్కమ్మ చూసింది. "గీ పిలగాడు రాయమల్లన్న ఎట్లైతడు? చిన్నగున్నడు గదా."

"పెండ్లికి ముస్తాబైతే ఎవ్వలైన పదేండ్లు చిన్నగనే కనబడుతరు. గా మీసం సూడు."

"గప్పట్ల బాయి మీద అందరికి గదే మీసం. నీ కండ్లు జెప్తున్నయా, గా డబ్బా జెప్తుందా?"

"కింద పేరు రాసున్నది," అన్నాడు ఆశీర్వాదం. ఊళ్లో ఎవరి మాటా నమ్మనివాడు, ఆ నీలం గీత కింది పేరును మాత్రం బైబిల్ వాక్యం చదివినంత భక్తిగా చదివాడు.

తర్వాతి ఫొటోలో ఇచ్చోడలో గృహప్రవేశం. గుమ్మంలో ‘రాయమల్లు’, పక్కన పచ్చ పట్టుచీరలో ఇంకొక ఆవిడ. ఆశీర్వాదానికి చెమటలు పట్టాయి. నస్పూర్‌లో ఒక ఇల్లు, ఆసిఫాబాద్‌లో ఒకటి, ఇచ్చోడలో మరొకటి. మనిషి నైట్ షిఫ్టులని చెప్పి ఎక్కడికి పోయేవాడో ఇప్పుడు కదా తెలిసింది.

శుక్రవారం ఉండబట్టలేక రాయమల్లుకు ఫోన్ చేశాడు. "అన్నా, ఏం లేదు, ఉత్తగనే అడుగుతున్న. ఆసిఫాబాద్‌ల మీకెవ్వలన్న ఉన్నరా?"

 అవతలి నుంచి వచ్చిన మాట నోట్లోనే నానుతోంది. "నీకెవ్వలు జెప్పిన్రు తమ్మీ? నెల రోజులసంది పోయొస్తున్న. గా ముచ్చట మీ వదినెకు మాత్రం తెల్వనియ్యకు. ఆదివారం నేనే అందరి ముంగట సూపిస్త."

ఆశీర్వాదం ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు. "రిబ్కా, గామెను స్టేజి మీదికి తీస్కొస్తడట!"

ఇప్పుడు రిబ్కమ్మకూ భయం పట్టుకుంది. సరోజన ఆమెకు సొంత అక్క లెక్క. కాన్పుకు, జ్వరానికి, చావుకు, దేనికైనా ముందు వచ్చి నిలబడే మనిషి. నాలుగు రోజులుగా కొత్త చీర గురించి చిన్నపిల్లలా చెబుతోంది. అలాంటి మనిషి అందరి ముందు తల వంచుకోవాలా?

శనివారం పదకొండింటికి సరోజన స్టూడియో మెట్లెక్కింది. ఫ్లెక్సీకి ఫొటో తానే ఎంచుతానంది. ఆశీర్వాదం గబుక్కున లేచి కంప్యూటర్ మీద నల్లగుడ్డ కప్పి, దాని ముందు నిలబడ్డాడు.

"ఏమైంది తమ్మీ, గంత పరేషానున్నవ్?"

"ఏం లే వదినె. కంప్యూటర్‌కు జర పాణం బాగలేదు."

కొంతసేపు ముట్టుకోకపోతే ఆ సాఫ్ట్‌వేర్ తనంతట తానే పని కల్పించుకుంటుందని ఆశీర్వాదానికి తెలియదు. గుడ్డ కింద నుంచి సన్నాయి మొదలైంది. వెంటనే తీయటి ఆడగొంతు పలికింది: ‘రాయమల్లు గారి మధుర జ్ఞాపకాలు.’ సరోజన మురిసిపోయి గుడ్డ లాగేసింది. తెర నిండా చర్చి పెళ్లి. కింద రాయమల్లు పేరు. తర్వాత పచ్చ పట్టుచీర.

పెళ్లికొడుకు ఎవరో తేల్చుకునేలోపే ఫొటో మారిపోయింది. పేరు మాత్రం మారలేదు. సరోజన కొంగు నడుముకు దోపింది.

"ఆశీర్వాదం, నిజం జెప్పు. గామె ఎవ్వలు?"

"నాకు తెల్వది వదినె. అన్న ఆసిఫాబాద్ పోతున్న అన్నడు గని..."

అనవలసిన మాట కాదది. అనేశాక రిబ్కమ్మ వైపు చూశాడు. ఆమె నుదురు కొట్టుకుంది.

"అయితే రేపు గా కుర్సీల గామెనే కూసుండుమను," అంది సరోజన. గొంతు గట్టిగానే ఉంది, కళ్లు మాత్రం నిండిపోయాయి. "పెండ్లైన కాడికెల్లి ముప్పై నాలుగేండ్లు గాయన బాయికి పోతుంటె పాణం బిగవట్టుకొని గడపల నిలవడ్డ. గిందుకా!"

రిబ్కమ్మ ఫోన్ చేసింది. పది నిమిషాల్లో రాయమల్లు వచ్చాడు, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని. ఆ రుమాలు చూడగానే ఆశీర్వాదానికి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. తప్పు చేయనివాడు మొహం ఎందుకు దాచుకుంటాడు?

"ఆసిఫాబాద్ పోయినవా లేదా?" అంది సరోజన.

"పోయిన."

"ఎవ్వల కోసం?"

రాయమల్లు అందరినీ ఒకసారి చూశాడు. మెల్లగా రుమాలు తీశాడు. నవ్వాడు. స్టూడియోలో అంత తెల్లగా వెలిగింది ఇంకేదీ లేదు. ముప్పై రెండు పళ్లు, ఒకటీ ఆయన సొంతం కాదు.

"ఊర్లె కట్టించుకుంటె అందరు నవ్వుతరని గాడికి పోయిన. పళ్లూడిన కాడికెల్లి ఒక్క ఫొటోల నవ్వలేదంటవ్ గదనే. రేపు నీ పక్కపొంటి కూసోని నవ్వుదామనుకున్న."

సరోజన నడుముకు దోపిన కొంగు తీసి కళ్లు తుడుచుకుంది. కానీ వేలు మాత్రం తెర వైపే చూపిస్తోంది. "మరి గీ పెండ్లి?"

రాయమల్లు కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశాడు. "నీ కండ్లల్ల మన్ను వడ! గిది తిమోతి పెండ్లి గాదా! నా షిఫ్టుల చేసిన తిమోతి. గామె మహిమ. గీ ఇచ్చోడాయన బెంజమిన్. తమ్మీ, ఫొటో పూరా జూపియ్యి."

ఆశీర్వాదం ఫొటోను వెనక్కి జరిపాడు. పెళ్లికొడుకు మొహం చిన్నదైంది, వెనక వరుసలు కనబడ్డాయి. మూడో వరుసలో పొడుగ్గా నిలబడి అసలు రాయమల్లు. ఆయన పక్కన, తినుబండారాల ప్లేటు ఒక చేత్తో పట్టుకుని, కెమెరాను పట్టించుకోకుండా లడ్డు కొరుకుతున్న సరోజన.

"గా లడ్డు నాకు యాదికున్నది," అంది సరోజన, కొంచెం తగ్గి.

"మంచిగున్నది గని, నేను, తిమోతి, బెంజమిన్ ముగ్గురం ఒక్కటే మనిషని దీనికి ఎవ్వలు జెప్పిన్రు?" అన్నాడు రాయమల్లు.

 రిబ్కమ్మ మెల్లగా మొగుడి వైపు తిరిగింది. ఆశీర్వాదం సీలింగ్ ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు. మసి మొహాలూ, తాను నొక్కిన ‘అవును’లూ ఒకటొకటిగా గుర్తొస్తున్నాయి. ఊరందరినీ అనుమానించినవాడు, తన అబద్ధం తనకే తిరిగొస్తే మాత్రం నిజమని నమ్మాడు.

ఆదివారం రెండు కుర్చీలూ నిండాయి. రాయమల్లు ఎంత నవ్వాడంటే, శాలువా కప్పిన ఆఫీసరు తన మీద ఏమైనా అంటుకుందేమోనని కోటు దులుపుకున్నాడు. సరోజన కొత్త చీరలో, ఆల్బమ్ ఒళ్లో పెట్టుకుని, వచ్చినవాళ్లందరికీ లడ్డు ఫొటో తానే చూపించింది.

సోమవారం పొద్దున ఆశీర్వాదం కూర్చుని తన అబద్ధాలన్నీ ఒక్కొక్కటిగా దిద్దాడు. తర్వాత సన్మానం ఫొటోలు వేశాడు. సాఫ్ట్‌వేర్ పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న రాయమల్లును, మూతి బిగించిన పాత రాయమల్లును పక్కపక్కన పెట్టి అడిగింది: ‘ఈ ఇద్దరూ ఒకరేనా?’

ఆశీర్వాదం కళ్లద్దాలు తుడుచుకుని, ముక్కూ చెవులూ సరిచూసుకుని, రిబ్కమ్మను పిలిచి సాక్ష్యం పెట్టుకుని ‘అవును’ నొక్కాడు.

‘మీరు ఇంతకుముందు చెప్పినవి తప్పని తేలింది,’ అంది సాఫ్ట్‌వేర్. ‘దయచేసి ఇంకెవరినైనా అడిగి చెప్పండి.’