గుర్రం తప్పేమీ లేదు

ఆ శనివారానికి జిపారా వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారింట్లో టీ తాగి ఎనిమిదింటికల్లా ఊరి వైద్యశాలకు వెళ్ళాలి. ఓ నలభైమంది చేతుల మీద చర్మపరీక్ష చేసి, కాస్త కాస్త రక్తం తీసుకోవాలి. మధ్యాహ్నం మూడింటికి రాజధాని బిష్కెక్ బయల్దేరాలి. అంతే.

ఆమె రాజధానిలో రోగనిరోధక శాస్త్రవేత్త. ఇరవై రెండేళ్ళుగా ఒకే విషయం పట్టుకుని కూర్చుంది: గుర్రం పడని మనుషులు. గుర్రం దగ్గరికి వెళ్తే కొందరికి తుమ్ములు, కళ్ళవాపు. కొందరికి ఊపిరే ఆడదు. ఆమె తమ్ముడు తిలెక్ ఎనిమిదేళ్ళప్పుడు వేసవి మేతకొండల మీద నీలంగా అయిపోతే, పిరికివాడని చుట్టాలు తేల్చేశారు. అతనిప్పుడు నగరంలో బస్సు నడుపుతున్నాడు. ముప్పై ఏళ్ళుగా కొండెక్కలేదు. జిపారా చదువు అక్కడ మొదలైంది. నాలుక కింద వేసుకునే ఓ చుక్కల మందు తయారుచేసింది. అది పనిచేస్తుందని తేల్చాలంటే గుర్రాల మధ్య బతికే మనుషులు కావాలి.

చిక్కంతా అక్కడే. నరీన్ కొండల్లో మగవాడు తనకు గుర్రం పడదని ఒప్పుకోవడం కంటే తల్లిపాలు పడలేదని ఒప్పుకోవడం సులువు. వరసగా మూడు వసంతాలు ఆమె అత్తగారి ఊరైన ఈ కొక్-జార్ వచ్చి ఖాళీ రక్తపు గొట్టాలతో వెనక్కి వెళ్ళింది. ఈసారీ ఇదే జరిగితే పరిశోధన ఆపేయాల్సి ఉంటుందని పై అధికారులు మర్యాదగానే చెప్పారు.

అందుకని ఊళ్ళో కబురు చెప్పే పని మామగారు సగిన్‌బెక్‌కు అప్పగించింది. డెబ్భై ఏళ్ళ ఆయనకు కోడలి చదువంటే చెప్పలేనంత గర్వం. కానీ ‘గుర్రం పడనివాళ్ళు రండి’ అనే మాట ఆయన నోట రాలేదు. కాస్త కత్తిరించి, ఊరి ఫోను గ్రూపులో గొంతు రికార్డు చేసి పంపాడు: రాజధానిలో పెద్ద డాక్టరైన మా కోడలు శనివారం గుర్రాల పరీక్ష చేస్తుంది, ఉచితం, అందరూ రండి.

అందరూ వచ్చారు. గుర్రాలతో సహా.

జిపారా వైద్యశాల మలుపు తిరిగేసరికి ఆవరణలో ఇరవై గుర్రాలున్నాయి. మరో పది గేటు దగ్గర తోసుకుంటున్నాయి. ఊరి నర్సు బురుల్ మెట్ల మీద నిలబడి, వీటికి చీటీలు రాయాలా అక్కర్లేదా అని అడిగింది. జిపారా మామగారి వైపు చూసింది. ఆయన టోపీ సర్దుకుంటూ దగ్గరికి వచ్చాడు.

“ఒక్కదాని పళ్ళు చూడమ్మా,” అన్నాడు గొంతు తగ్గించి. “ఒక్కటి చాలు. తర్వాత నేను సర్దిచెప్తా.”

ఇరవై రెండేళ్ళలో జిపారాకు గుర్రంతో ఉన్న పరిచయమంతా సీసాలో పొడి రూపంలోనే. అయినా మామగారి ముఖం చూసి ఓ ఆడగుర్రం పెదవి ఎత్తి, బాగున్నాయంది. గుర్రంగలాయన ఛాతీ రెండంగుళాలు పొంగింది. అది చూశాక మిగతావాళ్ళు ఆగుతారా? పక్కింటివాడి గుర్రాన్ని రాజధాని డాక్టరు మెచ్చుకుని తమదాన్ని మెచ్చుకోకపోతే ఊళ్ళో తలెత్తుకోవడం ఎలా? పది నిమిషాల్లో బారు తయారైంది. పొరుగూళ్ళకు ఫోన్లు వెళ్ళాయి. గుర్రాల మీద మేక కళేబరం కోసం పెనుగులాడే ఆటలో జిల్లా అంతా పేరున్న ఒస్మొనాలి తన నల్లగుర్రం మీద వచ్చి, బారులో నిలబడడం తన అలవాటు కాదన్నాడు.

నర్సు బురుల్ మాత్రం బుద్ధిగా తన పని తాను చేసింది. గొట్టాలు నలభై, వచ్చిన గుర్రాలు యాభై. జిల్లా ఆస్పత్రికి ఫోన్ చేసి, గుర్రాలు ఎక్కువయ్యాయి, రక్తం గొట్టాలూ సూదులూ ఇంకా పంపమంది. అక్కడి గుమాస్తాకు అనుమానం వచ్చి పశువైద్య శాఖకు చెప్పాడు. యాభై గుర్రాలు, రక్తపరీక్షలు, రాజధాని డాక్టరు: ఈ మూడూ కలిపి చూస్తే అక్కడివాళ్ళకు ఒకే సంగతి అర్థమైంది: అంటురోగం. గంట తిరక్కుండా తనిఖీ అధికారి మెదెర్‌బెక్ జీపులో దిగి, వైద్యశాల గేటుకు ఎర్ర పట్టీ కట్టించాడు. మనిషి గానీ గుర్రం గానీ బయటికి కదలకూడదన్నాడు.

“ఏ జబ్బు డాక్టర్ గారూ?” అని అడిగాడు.

“గుర్రాలకి ఏ జబ్బూ లేదండీ.”

“మరి రక్తం?”

“అది మనుషులది.”

“అయితే మనుషులకేంటి?”

జిపారా ఆవరణలోకి చూసింది. అరవైమంది మగాళ్ళు ఆకాశం వైపో, గుర్రపు డెక్కల వైపో చూస్తున్నారు. తమకేం లేదని ఒకాయన అన్నాడు. ఎవరికీ ఏమీ లేదని ఇంకో గొంతు తేల్చింది. మెదెర్‌బెక్ తల పంకించి, మనుషులకూ గుర్రాలకూ ఏమీ లేకపోతే రాజధాని డాక్టరు ఇంత దూరం ఎందుకు వచ్చినట్టని, దాస్తున్నారంటే పెద్దదే అయివుంటుందని అన్నాడు. సంచిలోంచి కాగితాలు తీసి, ఇరవై ఒక్క రోజుల దిగ్బంధం అని రాయడం మొదలుపెట్టాడు.

ఆవరణలో గాలి ఆగినట్టయింది. ఇంకో పది రోజుల్లో గుర్రాలు మేతకొండకు పోవాలి. ఈ రోజుల్లో గడ్డి దొరక్కపోతే పాలుండవు. పాలు లేకపోతే వాటిని పులియబెట్టి చేసే కుమిస్ లేదు, ఏడాది గడవదు. సగిన్‌బెక్ ముఖంలో రక్తం లేదు. తను కత్తిరించిన ఒక్క మాట ఊరంతటి మెడకు చుట్టుకుంది.

ఈలోగా అసలైన గాలి మొదలైంది. మే నెలలో గుర్రాలు చలికాలపు బొచ్చు రాలుస్తాయి. యాభై గుర్రాలు మూసిన ఆవరణలో రెండు గంటలుగా ఒళ్ళు విదిలించుకుంటున్నాయి. బొచ్చు మంచులా ఎగురుతోంది. ముందు ఓ మూల నుంచి తుమ్ము వినిపించింది. తర్వాత ఇంకో మూల నుంచి. ఒకాయన కళ్ళు ఎర్రబడ్డాయి, ఇంకొకాయన పెదవి వాచింది. దుమ్మని ఒకడు, ఎండని ఒకడు గొణిగారు. మెదెర్‌బెక్ రెండడుగులు వెనక్కి వేశాడు. మనుషులకు కూడా అంటుకుందని నిర్ధారించుకుని, దిగ్బంధం పక్కన ‘మనుషులకు సైతం’ అని చేర్చాడు.

జిపారా వెళ్ళి ఆ కలం మీద చెయ్యి వేసింది. 

“ఇది అంటుకునేది కాదు. కొందరి ఒంటికి గుర్రం పడదు, అంతే. పావుగంటలో మీ కళ్ళముందే రుజువు చేస్తాను. కాకపోతే చెయ్యి చాపేవాళ్ళు కావాలి.”

ఎవరూ కదల్లేదు. ఒస్మొనాలి జీను పట్టీ బిగిస్తూ నిలబడ్డాడు. అప్పుడు సగిన్‌బెక్ కోటు విప్పి, తన వెంట వచ్చిన భార్య చేతికిచ్చాడు. చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన దగ్గును అందరూ పొయ్యి పొగ అనుకుంటున్నారు. ఆయన మెట్టెక్కి, బల్ల మీద చెయ్యి పెట్టాడు.

“నాకు పడదు,” అన్నాడు, అందరికీ వినిపించేలా. “చిన్నప్పట్నుంచీ పడదు. గుర్రం తప్పేమీ లేదు.”

జిపారా సీసాలు తీసింది. మామగారి ముంజేతి మీద రెండు చుక్కలు వేసింది: ఒకటి గుర్రపు బొచ్చు సారం, ఇంకొకటి పరీక్ష పనిచేస్తోందో లేదో తెలియడానికి వేసే, ఎవరికైనా పొంగే చుక్క. సూదిమొనతో రెండూ గుచ్చింది. ఆ పావుగంటా గుర్రాలు కూడా కదలనట్టే అనిపించింది. మొదటి చుక్క కింద దద్దురు లేచింది, పెరిగింది, పాత నాణెమంత అయింది. జిపారా కొలబద్ద పెట్టి పద్నాలుగు మిల్లీమీటర్లని చదివింది.

ఆ తర్వాత బారు మళ్ళీ కట్టారు, ఈసారి గుర్రాలు లేకుండా. తన గుర్రం మీద జబ్బు ముద్ర పడనివ్వడానికి ఎవడు ఒప్పుకుంటాడు? తుమ్మింది తానేనని ఒకడు, తన తర్వాతే ఎవరైనా అని ఇంకొకడు. ఓ ముసలాయన తన గుర్రాన్ని అనుమానించినందుకు మెదెర్‌బెక్ చేత క్షమాపణ చెప్పించుకుని మరీ చెయ్యి చాపాడు. సాయంత్రానికి అరవై మూడు చేతులు పూర్తయ్యాయి. పదిహేడు పొంగాయి. పదిహేడోది మెదెర్‌బెక్‌ది. ఆయన తన చేతిని కాసేపు చూసుకుని, దిగ్బంధం కాగితాన్ని నాలుగుగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఒస్మొనాలి చేతి మీద మాత్రం ఏమీ లేవలేదు. ఎవరికైనా పొంగాల్సిన రెండో చుక్క కూడా పొంగలేదు. తుమ్ములు ఆపే మాత్ర వేసుకుంటేనే అలా జరుగుతుంది; పొద్దున అలాంటిదేమైనా వేసుకున్నారా అని జిపారా మెల్లగా అడిగింది. జన్మలో మాత్ర ముట్టలేదన్నాడాయన. ఆమె తలూపి, పరీక్ష కుదరలేదని రాసుకుంది.

మూడింటి ప్రయాణం మర్నాటికి మారింది. నిండిన గొట్టాలను మంచు పెట్టెలో సర్ది, జిపారా తమ్ముడికి ఫోన్ చేసింది. కొక్-జార్‌లో అతనిలాంటివాళ్ళు పదిహేడుమంది ఉన్నారనీ, అందులో ఒకరు తన మామగారనీ చెప్పింది. తిలెక్ బస్సు పక్కకు ఆపాడు. వాళ్ళ పేర్లు అడిగాడు. ఒక్కొక్క పేరూ మళ్ళీ చెప్పించుకున్నాడు.

సగిన్‌బెక్ రెండు రోజులు చొక్కా చెయ్యి దించలేదు. గుర్రంతో ఎక్కువకాలం బతికినవాడికే ఇది వస్తుందనీ, ఈ పదిహేడుమంది రక్తంతోనే దేశానికి మందు రాబోతోందనీ కనిపించినవాళ్ళందరికీ చెప్పాడు. ఇందులో కోడలు చెప్పింది సగమే. మిగతా సగాన్ని ఖండించే ఓపిక ఆమెకు లేదు, మనసూ లేదు. వారంలో ఆ పదిహేడుమందికీ పెళ్ళి విందుల్లో పైవరస దొరికింది.

నెలాఖరుకు జిల్లా కార్యాలయానికి ఒస్మొనాలి నుంచి ఫిర్యాదు వచ్చింది: తనకు పరీక్ష సరిగ్గా చేయలేదనీ, గుర్రం తనకు ఏడేళ్ళుగా పడడం లేదనీ. రుజువుగా ఆ ఏడేళ్ళ మందుల చీటీలన్నీ జతచేశాడు, వాటి మీద ఉన్నది భార్య పేరే అయినా.