నలభై ఒకటో బస్తా

ఆ సోమవారం ఉదయం జెస్సీ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి లాప్‌టాప్‌ను చల్లబెట్టాలి. పదకొండింటికి బయటికి తీయాలి. పన్నెండయ్యేసరికి ఉద్యోగం తెచ్చుకోవాలి.

ఉద్యోగం చీమకుర్తిలో, త్రినాథ్ గారి గ్రానైట్ యూనిట్‌లో. ఫలానా రాయి పరిస్తే ఇల్లు ఎలా ఉంటుందో కంప్యూటర్‌లో గీసి, కొనేవాళ్లకు చూపించడం పని. ఒంగోలులో ఆరు నెలలు జెస్సీ నేర్చుకున్నది అదే. ఇప్పుడు గుంటూరులో మిర్చి వ్యాపారి మాబు సాహెబ్ కొత్త ఇల్లు కడుతున్నాడు. ఆయన హాలుకు తన నల్లరాయి అమ్మాలని త్రినాథ్ గారి ఆశ. "సాయిబు గారు నీ బొమ్మ చూసి సరేనంటే ఒకటో తారీఖు నుంచి పన్లోకి వచ్చెయ్యమ్మా," అన్నాడాయన. జెస్సీ తండ్రి యేసుపాదం గుమాస్తాగా ఉన్న కోల్డ్ స్టోరేజీలోనే సాయిబు సరుకు ఉంటుంది కాబట్టి, అందరూ అక్కడే కలుద్దామనుకున్నారు.

హాలు బొమ్మ జెస్సీ ఎప్పుడో పూర్తి చేసింది. నల్లని నేల, అందులో సన్నని బంగారు చుక్కలు. కళ్లు మూసుకుంటే ఆ నేల మీద చెప్పుల్లేకుండా నడుస్తున్నట్టుండేది. ఆకాశం అరికాళ్లకు చల్లగా తగిలేది. మలుపు తిరిగితే ఇంకా ఆకాశమే ఉండేది. "అన్నం మాడుతోంది చూడవే!" అని తల్లి ప్రేమమ్మ అరిచినప్పుడు మాత్రం కాళ్ల కింద మళ్లీ సిమెంటు గచ్చు వచ్చేది.

కష్టమల్లా లాప్‌టాప్‌తోనే. హాస్టల్ స్నేహితురాలి దగ్గర కొన్న ఆ పాత యంత్రం ఒక్కో చుక్కనూ ఆలోచించి ఆలోచించి పెట్టేది. గది మొత్తం కనిపించేసరికి ప్రేమమ్మ బియ్యం ఏరి, కడిగి, అన్నం వార్చేసేది.

అందుకే శనివారం దాన్ని గుంటూరులో ఖాజావలి రిపేరు కొట్టుకు తీసుకెళ్లింది. అతను బోర్లించి, స్క్రూలు విప్పి, లోపలికి చూసి సంతోషపడ్డాడు.

"నీ అదృష్టం బాగుందమ్మా. ప్రాసెసర్ ఊడొస్తది. గ్రాఫిక్స్ కార్డు కూడా విడిగానే ఉంది. చాలావాటికి బోర్డుకే అతికించేస్తారు."

పాడైపోయిన ఇంకో లాప్‌టాప్ నుంచి రెండూ తీసి ఇందులో బిగించాడు. ఈసారి హాలు ఒక్క క్షణంలో వెలిగింది. మౌస్ కదిపితే గది మెల్లగా తిరిగింది, చుక్కలు మిణుకుమన్నాయి. నాలుగో నిమిషంలో తెర ఆరిపోయింది.

"ఏమైందన్నా?"

"వేడెక్కింది. కొత్త ప్రాసెసర్‌కి నీ పాత ఫ్యాను సరిపోవట్లా. ఈ మోడలు ఫ్యాను వెతకాలంటే పది రోజులు పడుద్ది. అప్పటిదాకా ఏసీలో పెట్టి చల్లబరిచి వాడుకో."

వాళ్లింట్లో ఏసీ లేదు. కానీ వాళ్ల నాన్న పనిచేసే చోట నాలుగంతస్తుల ఏసీ ఉంది.

"దానికేం భాగ్యం," అన్నాడు యేసుపాదం. "లక్ష బస్తాలు పడుకునే చోట ఇది పడుకోలేదా?"

ఇరవయ్యేళ్లుగా ఆయన చేతి మీదుగా సరుకు ఎవరిదో చెప్పే లాటు గుర్తు లేకుండా ఏ వస్తువూ లోపలికి పోలేదు. కూతురి వస్తువుకైనా అదే పద్ధతి. లాప్‌టాప్‌కు పాలిథిన్ కవరు చుట్టి, గోతంలో పెట్టి, దెబ్బ తగలకుండా చుట్టూ మిరపకాయలు నింపి, మూతి కుట్టించాడు. తలుపు దగ్గరే రైతు బాపయ్య పెట్టిన నలభై బస్తాలున్నాయి. వాటి పక్కన నిలబెట్టి, వాటి గుర్తే వేశాడు.

"వేరేవాళ్ల గుర్తెందుకు నాన్నా?"

"గుర్తు లేకపోతే హమాలీలు ఊరుకోరే. దొంగ సరుకని బయటేస్తారు. రెండు గంటలేగా! బాపయ్య శ్రావణం దాకా ఇటు తొంగి కూడా చూడడు."

ఆ ఉదయమే గుంటూరు మిర్చి యార్డులో ధర లేచింది. పదింటికల్లా బాపయ్య ట్రాక్టరుతో దిగాడు. యేసుపాదం, జెస్సీ ఆఫీసు గదిలో కుర్చీలు సర్దుతున్నారు. హమాలీలు ఆ గుర్తున్న బస్తాలన్నీ ఎక్కించేశారు. బాపయ్య లెక్కపెట్టుకుంటే నలభై ఒకటి వచ్చాయి. ఇంకోసారి లెక్కపెట్టాడు. ముప్ఫయ్యేళ్ల వ్యవసాయంలో తన బస్తాలు తగ్గడమే గానీ పెరగడం ఆయన ఎరగడు. గబగబా ట్రాక్టరెక్కి, "పోనీరా, పోనీ!" అన్నాడు.

పదకొండింటికి తండ్రీకూతుళ్లు ఖాళీ చోటు ముందు నిలబడ్డారు. బాపయ్య బస్తాలన్నీ యార్డుకు తోలుకుపోయాడని హమాలీలు చెప్పారు.

"నీ గుర్తు బాగా పనిచేసింది నాన్నా," అంది జెస్సీ.

అప్పుడే త్రినాథ్ గారి కారు వచ్చి ఆగింది. "ఏదమ్మా బొమ్మ? సాయిబు గారు ఇంకా రాలేదా?"

"ఆయన యార్డులో ఉన్నారండీ," అన్నాడు యేసుపాదం. "బొమ్మ కూడా యార్డుకే వెళ్లింది."

"బొమ్మకి యార్డులో ఏం పని?"

"అమ్మకానికండీ."

ముగ్గురూ కారులో బయల్దేరారు. దారి పక్క కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఎండలో నేలంతా ఎర్రగా, మెత్తగా, గోడల్లేని ఒక పెద్ద హాలులా కనిపించింది. అంత దిగుల్లోనూ, దీని పక్కన నల్లరాయి పరిస్తే ఎలా ఉంటుందా అని జెస్సీకి అనిపించింది.

యార్డులో మాబు సాహెబ్ సరుకు చూస్తున్నాడు. పైన మంచి కాయ, అడుగున రంగు పోయిన తాలు కాయ పోసే రైతుల ఆటలు ఆయన దగ్గర సాగవు. బస్తా మూతి కోయించి, కళ్లు మూసుకుని, మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు తీస్తాడు. వీళ్లు పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి ఆయన చెయ్యి చివరి బస్తాలో ఆగిపోయి ఉంది.

"బాపయ్యా, అడుగున ఏం పెట్టావయ్యా?"

"నా పిల్లల మీద ఒట్టు సాయిబు గారూ! అంతా ఒకటే కాయ."

"మరి ఈ కాయకి మూలలున్నాయేంటి?"

చేతితో పాటు లాప్‌టాప్ బయటికి వచ్చింది. కవరు మీద చెమట పట్టినట్టు నీటి బొట్లు.

"అది నాదండీ!" అంది జెస్సీ. "మీ హాలు అందులోనే ఉంది. వేడెక్కకముందే చూడాలి."

సాయిబు వేళ్లు రుద్దుకుని చూశాడు. "తడిగా ఉందమ్మాయ్. తడి సరుకు మీద నేను బేరమాడను. ముందు ఆరబెట్టు."

"ఆరబెట్టేది కాదండీ, చల్లబెట్టేది."

"యార్డులోకొచ్చాక ఏదైనా ఆరాల్సిందే."

కవరు విప్పి, లాప్‌టాప్‌ను మిరపకాయల మీద ఎండలో అరగంట పెట్టారు. బాపయ్య శ్రద్ధగా మధ్యలో ఒకసారి తిరగేశాడు కూడా.

అరగంట తర్వాత జెస్సీ ఆశ వదులుకుని మీట నొక్కింది. ఫ్యాను గిర్రుమని తిరిగి, లోపల చేరిన మిరప ఘాటంతా బయటికి ఊదింది. చుట్టూ మూగినవాళ్లంతా తుమ్ములు మొదలుపెట్టారు. ఆ తుమ్ముల మధ్యే హాలు వెలిగింది. కిటికీలోంచి వెలుగు జారి నల్లని నేల మీద పడింది. బంగారు చుక్కలు ఒకదాని వెనక ఒకటి మేలుకున్నాయి. జెస్సీ గదిని మెల్లగా తిప్పింది. తుమ్ములు ఆగాయి. హమాలీలు తలపాగాలు తీసి చూశారు. మాబు సాహెబ్ కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. అది మిరప ఘాటో, ఇంకేదో ఎవరికీ తెలియలేదు.

నాలుగో నిమిషంలో తెర ఆరిపోయింది.

"మళ్లీ పెట్టమ్మాయ్."

"చల్లారాలండీ. గంట పడుతుంది." ఉద్యోగం పోయినట్టేనని జెస్సీ తల దించుకుంది.

సాయిబు నల్లటి తెర మీద వేలితో ఒకసారి తట్టాడు. "గంటసేపు నేనెక్కడ ఆగను! త్రినాథూ, రాయి పంపించెయ్. పరిచాక నా ఇంట్లోనే తీరిగ్గా చూసుకుంటా."

తిరుగు దారిలో త్రినాథ్ గారు కళ్లు తుడుచుకుంటూ అన్నాడు. "ఒకటో తారీఖున వచ్చెయ్యమ్మా."

"ఈలోపు ఫ్యాను మార్పించేస్తానండీ."

"వద్దు! నా ఆఫీసులో కొత్త కంప్యూటరుంది. రోజంతా చూపిస్తది. చూసినవాళ్లంతా 'ఆలోచించి చెప్తాం' అని వెళ్లిపోతారు. నువ్వు దీన్నే తీసుకురా."

ఒకటో తారీఖున జెస్సీ ఆ లాప్‌టాప్‌తోనే చీమకుర్తి బస్సెక్కింది. బాపయ్య మాత్రం యేసుపాదం కనిపించినప్పుడల్లా తన నలభై ఒకటో బస్తా ఏమైందని ఇప్పటికీ అడుగుతుంటాడు.